నెల్డా కట్టని ముడి

మా సరస్సులోని హ్యాచెట్ పాయలో నాచు కింద థర్మన్ పికెట్ శవం దొరికిన నాడు అతని పడవ ఖాళీగా ఉంది. సీటు మీద లైఫ్ జాకెట్ మాత్రం ఇస్త్రీ చొక్కాలా మడత పెట్టి ఉంది. షెరిఫ్ మనుషులు ప్రమాదమని రాసుకుని వెళ్లిపోయారు కానీ, ఆ మడత మా ఊరి నోట్లో పడింది. కాలు జారిన మనిషి ముందుగా జాకెట్ విప్పి మడత పెట్టుకుంటాడా? చర్చి మెట్ల మీద ఆ ప్రశ్న నడిచింది. థర్మన్ భార్య నెల్డా దగ్గరికి రాగానే అది ఆగిపోయి, దాని చోట ఓదార్పుగా తెచ్చిన పెకాన్ పప్పుల తీపి వంటకం గిన్నె చేతికి వచ్చేది. పాస్టరు బ్రదర్ ఆమోస్ కూడా ఆ ఆదివారం నిరాశలో పడిన ఆత్మల గురించి ఎంతో మృదువుగా మాట్లాడాడు. పేరెత్తలేదు. ఎత్తి ఉంటేనే బాగుండేదని నెల్డాకు అనిపించింది.

థర్మన్‌కు చేపల వేట పోటీల్లో ఎప్పుడూ జతగాడు లోవెల్ క్రిబ్స్. థర్మన్ పోయిన శనివారం తాను చటనూగాలో కూతురింట్లో ఉన్నానని అతను అందరికీ చెప్పాడు. శవపేటిక మోశాడు. పడవను ఇంటికి తెచ్చి షెడ్డులో పెట్టి, గుడ్డ కప్పి, తాళ్లు బిగించి వెళ్లాడు. ఆ గుడ్డ విప్పడానికి నెల్డాకు ఇన్నాళ్లు చేతులు రాలేదు. క్రితం వారం మనం ఆమెను వదిలింది, ఆ తాడు ముడి మీద చెయ్యి వేసి నిలబడిన చోట.

ఆమె ఆ గుడ్డ తీసింది.

ఎండిన నాచు వాసన, రబ్బరు ఎరల ఉప్పు వాసన కలిసి ముఖానికి కొట్టాయి. భర్త చొక్కాల బీరువా తెరిచినప్పుడు కూడా ఏడవని మనిషి ఆ వాసనకు ఏడ్చింది. ఏడుపు తగ్గాక కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ ముందు బల్ల మీద పట్టీ కింద వరుసగా ఉన్న గాలపు కర్రల్ని చూసింది.

వేరే ఇల్లాలికైతే అవి ఉత్త కర్రలే. నెల్డా పెళ్లయిన నాటి నుంచీ దంపతుల పోటీల్లో థర్మన్ వెనక సీట్లో నిలబడి గాలం వేసిన మనిషి. ఆ కర్రల్ని చూస్తే అతను ఆ రోజు ఏం చేయదలచుకున్నాడో ఆమెకు తెలిసిపోతుంది. మెత్తటి ఫైబర్ కర్రకు మునిగే చెక్క చేప ఎర కట్టి ఉంది. పొద్దున్నే రాళ్ల గట్టు పక్కన వేయాలని. గట్టి కర్రయితే ఆ చిన్న కొక్కేల్ని బాస్ చేప నోట్లోంచి ఊడలాగేస్తుంది, అందుకని మెత్తటిది. దాని పక్కన నాచును చీల్చుకుని దిగే టంగ్‌స్టన్ గుండు, దాని కింద రబ్బరు పీత. ఆ పక్కన అన్నిటికన్నా బలమైన కర్ర, అన్నిటికన్నా మందమైన అల్లిక దారం, దాని చివర నల్లటి రబ్బరు కప్ప. మబ్బు పట్టిన రోజుకు నల్ల కప్ప. సరిగ్గానే ఉంది.

ఆ కప్పను చేతిలోకి తీసుకుంది. ఆమె వేళ్లు ఆగిపోయాయి.

కప్ప కాళ్లు కత్తిరించి లేవు. కొట్లో కొన్నప్పుడు ఎంత పొడుగున్నాయో అంతే ఉన్నాయి. ఆ కాళ్లు కాస్త పొట్టి చేస్తేనే కప్ప నాచు మీద అటూ ఇటూ తల తిప్పుతూ నడుస్తుంది, లేకపోతే ఈడ్చుకుంటూ వస్తుంది. అతను పోయే ముందు శుక్రవారం సాయంత్రం వాటిని కత్తిరించింది ఆమే. బిస్కట్ల పళ్లెం పక్కకు జరిపి, వంటింటి బల్ల మీద అన్ని కర్రలకూ దారాలు కొత్తగా కట్టింది కూడా ఆమే. ఈ సంగతి ఊళ్లో ఒక్కరికీ తెలియదు. థర్మన్ చేతులు వణకడం మొదలయ్యాక, కొక్కెం కంట్లోకి దారం ఎక్కించడం అతని వల్ల కాలేదు. "కప్పని ఆడించడానికి ఇప్పుడు నేనేం చెయ్యక్కర్లేదు నెల్డా, చెయ్యే ఆడిస్తోంది," అని నవ్వేవాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, "లోవెల్‌కి మాత్రం తెలియనివ్వకు," అనేవాడు.

ఆమె కప్పను తిప్పి ముడి చూసింది. తనెప్పుడూ దారాన్ని జంట చేసి కంట్లోంచి తీసి, ఉచ్చును కప్ప చుట్టూ దాటించి బిగిస్తుంది. చివర బియ్యపు గింజంత వదులుతుంది. అల్లిక దారం బరువు పడినప్పుడు కాస్త జారుతుంది, ఆ గింజంత లేకపోతే ముడే ఊడిపోతుంది. ఈ ముడి అది కాదు. దారం తన చుట్టూ తానే స్ప్రింగులా చుట్టుకుంది. చివర మొదలంటా తెగ్గోసి నున్నగా ఉంది.

శుక్రవారం సాయంత్రం తర్వాత, పడవ దొరికే లోపల ఎవరో ఈ ముడి కట్టారు. థర్మన్ కట్టలేడు.

నెల్డా అక్కడే షెడ్డు నేల మీద మోకాళ్లూనింది. అతను పోయినప్పటి నుంచి ఆమె ప్రార్థన ఒకటే: ప్రభువా, తనంతట తాను వెళ్లాడా? అదొక్కటి చెప్పు, ఇంకేమీ అడగను. జవాబు కప్ప నోటి నుంచి వస్తుందని ఆమె అనుకోలేదు. ఇది జవాబో, ఇంకో ప్రశ్నో కూడా తెలియలేదు. ఆ ముడిని మాత్రం ఆమె విప్పలేదు.

*

"థర్మన్ పడవలో హ్యాచెట్ పాయకి తీసుకెళ్తావా లోవెల్? కాసిని పూలు వదిలి వద్దాం," అని ఆమె ఫోనులో అడిగింది. అతను సరేనన్నాడు.

మర్నాడు పొద్దున రేవులో ఎరల కొట్టు డాటీ కాఫీ కప్పులతో బయటికి వచ్చింది. నెల్డాను గట్టిగా వాటేసుకుంది. లోవెల్ వైపు తిరిగేసరికి ఆమె గొంతు మామూలుగా మారింది.

"ఏంటయ్యా లోవెల్, ఆ వేషం? లైఫ్ జాకెట్ వేస్తే చేపలు నవ్వుతాయనేవాడివి. ఇవాళ గెడ్డం దాకా బిగించావు!"

"చలిగా ఉంది డాటీ."

"చలా? నా కొట్లో కప్పలు చెమటలు కక్కుతున్నాయి. మిస్ నెల్డా, ఈయన్ని కనిపెట్టుకుని ఉండండి, వయసు మీద పడింది."

"కనిపెట్టుకునే ఉంటాను," అంది నెల్డా.

లోవెల్ నవ్వలేదు. డాటీతో మాటకు మాట అనకుండా అతను రేవు దాటడం నెల్డా ఎప్పుడూ చూడలేదు.

పడవ హోరుమంటూ నీళ్ల మీద ఎగిరింది. పాయ మొదట్లో లోవెల్ పెద్ద ఇంజను ఆపి, ముందున్న చిన్న మోటారు దించాడు. అక్టోబరు వచ్చేసరికి ఆ పాయలో నీళ్లు కనిపించవు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నాచు పరుచుకుని, పైన ఎండి అట్టలా గట్టిపడి ఉంటుంది. కింద మాత్రం ఖాళీ, చీకటి, చల్లదనం. పెద్ద బాస్‌లు ఆ కప్పు కిందే ఉంటాయి. నాచు కింద చిన్న చేపలు టపటపమని నోళ్లు ఆడిస్తున్నాయి. ఆ చప్పుడు వినగానే నెల్డాకు ఎప్పుడూ ఒళ్లు ఝల్లుమనేది. ఇవాళా ఝల్లుమంది. అందుకు సిగ్గు కూడా వేసింది.

ఆమె పూలు వదిలింది. అవి మునగలేదు, నాచు మీదే ఆగిపోయాయి.

లోవెల్ టోపీ తీసి తలవంచుకున్నాడు. "ఇక వెళ్దామా నెల్డా?"

"ఇంత దూరం వచ్చాం. థర్మన్ కర్రతో రెండు సార్లు వేస్తాను."

"ఇవాళెందుకు?"

"ఇవాళ కాకపోతే ఎప్పుడు? పడవ అమ్మేస్తానుగా."

పట్టీ కింది నుంచి ఆమె కప్ప కర్ర తీసింది. అతని చూపు కర్ర మీద ఆగి, పక్కకు వెళ్లిపోయింది.

నీళ్లలోంచి లేచి ఉన్న చెట్టు మొద్దుకు అవతల నాచులో చిన్న కన్నం ఉంది. నేరుగా కన్నంలో వేస్తే చేప బెదురుతుంది. నెల్డా దాన్ని దాటించి వేసి, కర్ర కొన కిందికి పెట్టి, చిన్న చిన్న కుదుపులతో కప్పను నడిపించింది. కాళ్లు పొడుగు కనుక అది తల తిప్పకుండా ఈడ్చుకుంటూ వచ్చింది.

"నీ కప్ప ఆదివారం బడికి లేటయిన పిల్లలా ఈడుస్తోందే," అన్నాడు లోవెల్. నోరు జారినట్టు వెంటనే మూసుకున్నాడు.

"కాళ్లు కత్తిరించి లేవు," అంది నెల్డా.

అతను మోటారు వైపు తిరిగాడు.

కప్ప కన్నం అంచుకు వచ్చింది. ఆమె ఆపింది. ఆపి అలాగే ఉంచింది. నాచు భళ్లున పగిలింది, నీళ్లు ఎగిరాయి, కప్ప మాయమైంది.

"ఆగు! లాగకు!" లోవెల్ అరిచాడు.

"నాకు నేర్పకు లోవెల్."

చప్పుడు విని లాగినవాడి చేతికి ఉత్త కప్పే వస్తుంది. చేప దాన్ని నోట్లో పూర్తిగా ముడుచుకుని తిరగాలి, బరువు చేతికి తెలియాలి. నెల్డా ఊపిరి బిగబట్టింది. వదులు దారం చుట్టింది. బరువు తెలిసింది. అప్పుడు రెండు చేతులా కర్రను పైకి గుంజింది. బాస్ తల పైకి లేచింది. మళ్లీ నాచులోకి దూరే సందివ్వకుండా ఆమె చుడుతూనే ఉంది. అది మొద్దును ఒరుసుకుంటూ వచ్చింది. దారం చెక్క మీద కిర్రుమంది. లోవెల్ మోకాళ్ల మీద వాలి దాని కింది దవడ పట్టి పైకెత్తాడు. పెద్ద చేప. ఒక్క క్షణం ఇద్దరి ముఖాలూ వెలిగాయి, పాతరోజుల్లోలాగా.

కప్పను వదిలించి, నెల్డా చేపను రెండు చేతులా పట్టుకుని నీళ్లలో ముందుకీ వెనక్కీ ఆడించి వదిలేసింది. వెనక్కి తిరిగి చూసేసరికి, తను అనుకున్న పనే జరుగుతోంది.

లోవెల్ దారం అందుకున్నాడు. పెదాల మధ్య పెట్టి లాగాడు. మొద్దు ఒరుసుకున్న చోట పీచు లేచింది. మెడలో వేలాడే గోళ్ల కత్తెరతో అక్కడికి తెంపాడు. కప్ప కంట్లోకి దారం ఎక్కించి, చుట్టూ గబగబా చుట్లు వేసి, ఉమ్మితో తడిపి బిగించి, చివరను మొదలంటా కోసేశాడు. ఎవరూ చెయ్యమనలేదు. పీచు లేచిన దారం కనిపిస్తే మా సరస్సు మనిషెవరూ ఊరుకోలేడు, చెయ్యి దానంతటదే చేసేస్తుంది.

నెల్డా కప్పను తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. పాత ముడి ఉన్న దారం ముక్క పడవ అడుగున పడి ఉంది. దాన్ని ఏరి కప్ప పక్కన పెట్టింది. రెండు ముళ్లూ ఒకే చేతివి.

"ఈ పాత ముడి ఎవరు కట్టారు లోవెల్?"

"ఎవరు కడతారు? థర్మనే కట్టుంటాడు."

"థర్మన్ ఈ ఏడాది ఒక్క ముడీ కట్టలేదు."

"అదేం మాట! వాడు కట్టడం నేను..."

"చూశావా? ఎప్పుడైనా చూశావా?"

లోవెల్ జ్ఞాపకాల్లో వెతుక్కుంటున్నాడని ఆమెకు తెలిసింది. ఈ వేసవి పోటీలన్నీ, ఈ పడవలో గడిపిన ఉదయాలన్నీ. దారం తెగినప్పుడల్లా థర్మన్ ఆ కర్ర పక్కన పడేసి ఇంకోటి తీసుకున్నాడు. అందుకే అన్ని కర్రలు మోసుకొచ్చేవాడు.

"చేతులు వణికేవి. దారం ఎక్కేది కాదు. నీకు తెలిస్తే ఇంకో జతగాణ్ణి చూసుకుంటావని భయపడ్డాడు. అందుకని శుక్రవారం సాయంత్రం నేనే అన్నీ కట్టేదాన్ని. ఆ శుక్రవారం కూడా. ఈ కప్ప కాళ్లు నేనే కత్తిరించాను." ఆమె గొంతు లేవలేదు. "ఇది నేను కట్టిన కప్ప కాదు. నేను కట్టిన ముడి కాదు. నువ్వు చటనూగాలో లేవు."

లోవెల్ సీటు మీద కూలబడ్డాడు. జాకెట్ మెడ దగ్గర చేతులు పెట్టుకున్నాడు.

"ఇంకో జతగాణ్ణా?" అన్నాడు చివరికి. "పిచ్చివెధవ. వాడు చక్రాల కుర్చీలో కూర్చుని వేటాడినా నేను వాడితోనే వచ్చేవాణ్ణి."

"ఆ మాట థర్మన్‌కి చెప్పాల్సింది."

"చెప్పాల్సింది." అతను కళ్లు తుడుచుకోలేదు. "ఆ పొద్దున నా ఇంటి దగ్గరి చెక్క రేవు నుంచే నన్ను ఎక్కించుకున్నాడు. ఎవరూ చూడలేదు. సాయంత్రానికి కూతురింటికి పోయాను. అదీ నిజమే. మధ్యలోది మింగేశాను."

"మధ్యలోది చెప్పు."

"నేను నీళ్లలో పడ్డాను నెల్డా. ఆ మొద్దు పక్కనే. నాకు జాకెట్ లేదు, తెలుసుగా నా సంగతి. నాచు కాళ్లకి చుట్టుకుంది. ఎంత తన్నుకుంటే అంత చుట్టుకుంటోంది. థర్మన్ తన జాకెట్ విప్పి నాకు విసిరాడు. దాన్ని వాటేసుకున్నాను. వాడు వంగి చెయ్యిచ్చాడు. నేను లాగాను..." లోవెల్ తన చేతిని తనే చూసుకున్నాడు. "నేను గట్టిగా లాగాను. వాడు నా మీదుగా నీళ్లలోకి వచ్చేశాడు. నేను పైకి లేచేసరికి నాచు మూసుకుపోయింది. వాడెక్కడున్నాడో తెలీలేదు."

పాయలో ఎక్కడో కొంగ అరిచింది. నెల్డా కప్పను గట్టిగా పట్టుకుంది. కొక్కెం అరచేతికి గుచ్చుకుంటున్నా ఆమెకు తెలియలేదు.

"పడవెక్కి కప్ప వేశాను. వాడి చొక్కాకి తగిలితే లాగొచ్చని. ఒకసారి తగిలింది. నిజంగా తగిలింది నెల్డా, బరువు తెలిసింది. లాగాను. దారం మొద్దు మీద తెగిపోయింది. డబ్బాలోంచి ఇంకో కప్ప తీసి కట్టి మళ్లీ వేశాను. మళ్లీ వేశాను. ఎంతసేపో తెలీదు."

షెరిఫ్ ఆఫీసు వాళ్లు తిరిగిచ్చిన చొక్కా నెల్డా కళ్ల ముందుకు వచ్చింది. భుజం దగ్గర చిన్న చిరుగు. కొమ్మ తగిలి ఉంటుందని వాళ్లన్నారు. ఆమె దాన్ని ఉతికి, కుట్టి, మడత పెట్టింది.

"జాకెట్ మడత పెట్టింది నువ్వు."

"నేనే. అన్నీ సర్దేశాను. కర్రలు పట్టీ కింద పెట్టాను, జాకెట్ ఆరబెట్టి మడత పెట్టాను. ఏం చేస్తున్నానో నాకే తెలీదు. రోజూ సాయంత్రం సర్దినట్టే సర్దాను. సర్ది, గట్టు పట్టుకుని నడిచి ఇంటికి పోయాను." అతను మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "ఆ మడతకి ఊళ్లో అలాంటి అర్థం తీస్తారని నాకు తట్టలేదు. తీశాక చెప్పే ధైర్యం రాలేదు."

"ప్రతి ఆదివారం నా పక్కన కూర్చున్నావు. బ్రదర్ ఆమోస్ ఆ ప్రసంగం చేస్తుంటే నా పక్కనే ఉన్నావు లోవెల్. నా చెయ్యి పట్టుకున్నావు."

అతను తలవంచుకున్నాడు.

నెల్డాకు కోపం రావాలి. వస్తుందని ఎదురుచూసింది కూడా. దానికి ముందు ఇంకేదో వచ్చింది. గుండె మీద పెట్టిన బండ ఎవరో ఎత్తినట్టు అయింది. థర్మన్ తనంతట తాను వెళ్లిపోలేదు. జాకెట్ విప్పింది వెళ్లిపోవడానికి కాదు, ఇవ్వడానికి. రేపు ఆదివారం మెట్ల మీద నిలబడి ఆ మాట పేరుపేరునా చెప్పవచ్చు. ఆమె కళ్లు మూసుకుని, ప్రభువా, నీకు వందనాలు, అనుకుంది. థర్మన్ పోయాక ఆమె మనసులో ఆ మాట రావడం ఇదే మొదలు.

కళ్లు మూసుకునే ఉండగా ఇంకో సంగతి గుర్తుకు వచ్చింది. పోయే ముందు కొన్నాళ్లుగా థర్మన్ భోజనం దగ్గర ప్రార్థన చేయడం మానేశాడు. "నువ్వు చెయ్యి," అని తల పక్కకు తిప్పుకునేవాడు. అదంతా చేతుల బాధే అనుకుంది ఆమె. కానీ ప్రార్థనకు చేతులు వణికితే ఏం?

ఆమె కళ్లు తెరిచింది. పడవ ముందు బల్ల వెడల్పుగా, గరుకు తివాచీతో, కాలు జారే వీలు లేకుండా ఉంది. నీళ్లు కదలడం లేదు. ఈ బల్ల మీద లోవెల్ తుపాన్లలో నిలబడి గాలం వేయడం ఆమె చూసింది.

"లోవెల్."

"ఊఁ."

"ఆ శనివారం గాలీ లేదు, అలలూ లేవు. నువ్వు నీళ్లలో ఎలా పడ్డావు?"

లోవెల్ జాకెట్ బకిల్ మీద వేలు పెట్టి నొక్కాడు. అది ఊడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఊడదీశాడు.

"నన్ను ఇంటి దగ్గర దింపాక అడుగు నెల్డా. ఇక్కడ వద్దు. పూలు అక్కడే ఉన్నాయి."

"ఇక్కడే."

అతను పూల వైపు చూస్తూ, ఆమె వినగలిగేంత మెల్లగా అన్నాడు.

"నేను పడలేదు. థర్మన్ నన్ను తోసేశాడు."